జెల్ల కాని జెల్ల

మా మదరసా వరండాలో ఉత్తరపు గోడకు ఆనించి ఒక గాజుతొట్టి ఉన్నది. పొడవు రెండున్నర అడుగులు, వెడల్పు ఒక అడుగు, ఎత్తు అడుగుంబావు. సుమారు 80 లీటర్ల నీరు పడుతుంది. దానిని మేము కొన్నది కాదు. రాయదుర్గంలో జీన్స్ కుట్టుపని యూనిట్ నడిపి, ఆర్డర్లు లేక మూసివేసిన ఒక సోదరుడు తన ఆఫీసు సామాను ఖాళీ చేస్తూ, "పిల్లలు చూసి సంతోషిస్తారు హజ్రత్" అంటూ ఆటోలో వేసి పంపించాడు. ఏడాది పాటు అందులో పాత నోటుపుస్తకాలు పడి ఉన్నాయి. చేపలను పెంచాలనే ఆలోచన మాకు ఏనాడూ లేదు. వానకు ముఖం వాచిన ఈ సీమలో, వేసవిలో నాలుగు రోజులకు ఒకసారి కుళాయి వచ్చే ఊరిలో, 80 లీటర్ల నీటిని అలంకారానికి నిలువ పెట్టడం మాకు దుబారాగానే తోచింది.

మూడేళ్ళ క్రితం షవ్వాల్ మాసంలో, రమజాను సెలవుల తరువాత మదరసా తెరచిన వారంలో, కణేకల్లు వైపు గ్రామం నుండి వచ్చే ఒక విద్యార్థి తన ట్రంకు పెట్టెతో పాటు ఒక నెయ్యి డబ్బా తెచ్చాడు. వయస్సు పదకొండేళ్ళు. దూదేకుల కుటుంబం, ఇంట్లో తెలుగే మాట్లాడతారు. డబ్బాలో నెయ్యి లేదు. బురదనీటిలో నాలుగు చిన్న చేపలు, ఒక్కొక్కటి రెండంగుళాలకు మించనివి, మీసాలు ఆడిస్తూ అడుగున తిరుగుతున్నాయి. ఎండలకు చెరువు ఒక మూలకు కుంచించుకుపోయి, గట్టు పక్క గుంటల్లో చిక్కుకున్న చేపలు కొంగల పాలవుతున్నాయట. వాడు చేతికి దొరికిన నాలుగింటిని డబ్బాలో వేసుకొని బస్సు ఎక్కాడు. "చెరువుకు కాలువ నీళ్ళు వచ్చేదాకా ఇక్కడ పెట్టుకుందాం హజ్రత్. నీళ్ళు వచ్చాక మళ్ళీ వదిలేద్దాం" అన్నాడు. తుంగభద్ర ఎగువ కాలువ నీరు కణేకల్లు చెరువుకు చేరేది వానాకాలం మధ్యలోనే. అంతవరకు నాలుగు నెలలు.

మేము సరే అన్నాము. తరగతి అంతా వింటుండగా అన్నాము. నీరు రాగానే నాలుగింటినీ తీసుకువెళ్ళి చెరువులో వదులుదామని మాట కూడా ఇచ్చాము. ఈ మాట తరువాత మాకు ఎంత బరువైనదో చెప్పడానికే ఈ వ్యాసం.

డబ్బాలోని చేపలను తొట్టిలోకి మార్చేటప్పుడు ఆ బాలుడు ఒక్కొక్కదానినీ లోటాతో పట్టి చూపించాడు. "ఇవి మూడూ జెల్లలు. ఇది మాత్రం జెల్ల కాదు హజ్రత్, వేరే." మేము కళ్ళజోడు సవరించుకొని చూశాము. నాలుగింటికీ మీసాలున్నాయి. నాలుగింటికీ పొలుసులు లేవు. మూడింటి ఒంటి మీద పొడవునా లేతచారలున్నాయి, నాలుగవది నల్లగా ఉన్నది. బురదలో పెరిగినది నల్లబడి ఉంటుందని మేమే తీర్పు చెప్పాము. "జెల్లకు వీపు మీద ముల్లు ఉంటుంది. దీనికి లేదు. చేయి పెట్టి చూడండి" అని వాడు మళ్ళీ అన్నాడు. మీసాలున్నవన్నీ ఒకే జాతి, పెద్దవారితో వాదించరాదు అని మందలించి కూర్చోబెట్టాము. వాడు కూర్చున్నాడు. తెలియని విషయంలో నోరు మూసుకొని ఉండడం మొదట నేర్చుకోవలసినది ఉపాధ్యాయుడేనన్న సంగతి ఆ క్షణాన మాకు గుర్తు రాలేదు.

మొదటి పొరపాటు ఆ రోజే జరిగింది. బోరు నీటిని పట్టి నేరుగా తొట్టిలో పోయించాము. నీరు తేటగా, చల్లగా ఉన్నది. వుజూకు పనికివచ్చే నీరు చేపకు పనికిరాదా అనుకున్నాము. ఫిఖ్హ్ పాఠంలో పరిశుద్ధమైన నీరు వేరు, చేప ఊపిరికి అనువైన నీరు వేరు. భూమి లోతు నుండి అప్పుడే వచ్చిన నీటిలో ప్రాణవాయువు చాలా తక్కువగా ఉంటుంది. అది డ్రమ్ములో ఒక రాత్రి తెరచి ఉండాలి, కుండతో ఎత్తిపోస్తే ఇంకా మంచిది. మునిసిపాలిటీ కుళాయి నీటికైతే కారణం వేరు. అందులో కలిపిన క్లోరిన్ చేప మొప్పలను కాల్చివేస్తుంది. వెడల్పు పాత్రలో ఒక పగలూ ఒక రాత్రీ ఉంచితే ఎగిరిపోతుంది. ఇవేవీ తెలియక మేము చేసిన పనికి తెల్లవారేసరికి ఒక చారల చేప చనిపోయి తేలింది. నల్లది మాత్రం నీటి పైకి వచ్చి ఒక గుక్క గాలి మింగి మళ్ళీ కిందికి పోతున్నది. అది గాలిని కూడా పీల్చగల జాతి అని అప్పుడే గ్రహించవలసింది.  చూసే కన్నుకు ఆ ఒక్క గుక్క చాలు. మేము చూసినా చూడలేదు.

ప్రాణిని బంధించి ఉంచడం గురించి మా మనసులో మొదటి నుండీ ఒక బెరుకు ఉండేది. పిల్లిని కట్టివేసి, తిండి పెట్టక, తానుగా వెదుక్కొని తిననూ నివ్వక చంపిన స్త్రీ ఉదంతం బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉన్నది. ఏటా పాఠం చెబుతూనే ఉన్నాము. అబూ ఉమైర్ అనే పసివాడు చిన్న పిట్టను పెంచుకోవడం, అది చనిపోయినప్పుడు దైవప్రవక్త (స) ఆ బాలుణ్ణి ఆప్యాయంగా పలకరించడం కూడా అవే గ్రంథాల్లో ఉన్నది. దీనిని బట్టి, హక్కులు తీర్చగలిగితే పెంచుకోవచ్చునని పండితులు చెప్పారు. ఆ చిన్న షరతే మా మెడకు చుట్టుకున్నది. హక్కు తీర్చాలంటే ముందు అది ఏ ప్రాణియో తెలియాలి కదా.

విద్యార్థులు పండుగ డబ్బులు కూడబెట్టి బళ్ళారి నుండి ఆరు గప్పీ చేపలను తెప్పించారు. రంగుల తోకలు, పిల్లలకు అవే ముద్దు. పదిహేను రోజులకు ఆరింటిలో రెండు కనిపించలేదు. తరువాత మరొకటి. నేల మీద పడినవి కావు, తొట్టిలో కళేబరాలూ లేవు. రాత్రివేళ ఎవరో మింగుతున్నారు. మేము విచారణ జరిపి, దోషులను తేల్చాము. చారల జెల్లలు రెండూ ఇషా నమాజు తరువాత, దీపాలు ఆర్పాక, రాతి సందు నుండి బయటికి వచ్చి తొట్టి అంతా చురుకుగా తిరుగుతాయి. నల్లది మూలన మట్టిపెంకు కింద మెదలకుండా పడి ఉంటుంది. తిరిగేవే దొంగలు, పడుకున్నది సాధువు! జెల్లలు రెండింటినీ పట్టి ప్లాస్టిక్ బకెట్‌లో వేయించాము. అప్పటికి మూడు రోజులుగా కరెంటు కోత, వేడి. బకెట్‌కు మూత పెట్టాలన్న ఆలోచన రాలేదు.

ఫజ్ర్ నమాజుకు లేచిన ఆ బాలుడికి వరండాలో నేల మీద ఒక జెల్ల దొరికింది. చీమలు పట్టి ఉన్నాయి. వాడు దానిని అరచేతిలో పెట్టుకొని మా గది ముందు నిలబడ్డాడు, ఒక్క మాట కూడా అనలేదు. అదే రాత్రి, జెల్లలు లేని తొట్టిలో, మరో గప్పీ మాయమైంది.

ఆ తరువాత వారం మా బంధువుల ఇంట వలీమాకు అనంతపురం నుండి ఒక సోదరుడు వచ్చాడు. డిగ్రీ కళాశాలలో జంతుశాస్త్రం బోధిస్తాడు, మాకు బావమరిది వరుస. భోజనాల తరువాత మదరసాకు తీసుకువచ్చి తొట్టి చూపించాము. అతడు వంగి ఒక నిమిషం చూసి, "భాయ్‌సాబ్, ఇవి రెండూ ఒకే కుటుంబానికి చెందినవి కూడా కావు. ముఖం చూడకండి, వీపు చూడండి" అన్నాడు.

వీపు చూడడం ఎలాగో అతడు చెప్పినది పాఠకుల కోసం కొంత వివరంగానే రాస్తాము. ఇంట్లో తొట్టి ఉన్నవారికీ, చెరువు పక్క ఊళ్ళలో ఉన్నవారికీ ఇది పనికివస్తుంది.

జెల్లకు తల వెనుక వీపు మీద పొట్టిగా, నిటారుగా ఒక రెక్క ఉంటుంది. ఆ రెక్క మొదట గట్టి ముల్లు. దాని వెనుక కొంత ఖాళీ వదిలి, తోకకు ముందు, ఈనెలు లేని మెత్తని కొవ్వు రెక్క ఇంకొకటి ఉంటుంది. చెంపల పక్క రెక్కలకు కూడా చెరో ముల్లు, దాని లోపలి అంచు రంపం వలె ఉంటుంది. నాలుగు జతల మీసాలు. పై దవడ జత పొడవైనది, పొట్ట కింది రెక్కలను దాటి పోతుంది. ఒంటి పక్కన పొడవునా నాలుగైదు లేతచారలు, మొప్ప వెనుక భుజం దగ్గర ఒక నల్లమచ్చ. ఇది మన చెరువులలో, కాలువలలో సర్వసాధారణమైన చిన్న జెల్ల. పండితులు దీనికి మిస్టస్ విట్టాటస్ అని పేరు పెట్టారు. మొదటిది మీసాన్ని సూచించే గ్రీకు పదం నుండి వచ్చినదని చెబుతారు, రెండవది లాటిన్‌లో చారలు కలది అని అర్థం. బెర్లిన్ నగరంలో వైద్యుడైన బ్లాక్ అనే పండితుడు తమిళనాడు తీరంలోని తరంగంబాడి నుండి తెప్పించిన చేపను చూసి 1794లో దీనిని మొదట వర్ణించాడు. సాధారణంగా నాలుగైదు అంగుళాలే పెరుగుతుంది. గరిష్ఠంగా 21 సెంటీమీటర్లని శాస్త్ర గ్రంథాల లెక్క.

ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. జెల్లలు ఒక్కటి కాదు. కొవ్వు రెక్క వీపు రెక్క మొదలు దగ్గరే ప్రారంభమై పొడవుగా సాగితే, మీసం తోక వరకు చేరితే, అది కవాసియస్ అనే వేరే జెల్ల. ఇంతకు రెట్టింపు పెరుగుతుంది, చిన్న తొట్టికి తగదు. గంగా తీరాన హామిల్టన్ 1822లో వర్ణించిన టెంగరా అనే చారల జెల్లను దుకాణాల్లోనూ పుస్తకాల్లోనూ మన విట్టాటస్‌తో కలిపివేయడం మామూలే. చారలు చూసి పేరు పెట్టడం తొందరపాటు. కొవ్వు రెక్క ఎక్కడ మొదలవుతుందో చూడాలి. మన జెల్లకు అది చిన్నది, వీపు రెక్కకు దూరంగా ఉంటుంది.

ఇక మా తొట్టిలోని సాధువు! దానికి తల వెనుక నుండి తోక దాకా వీపు మీద ఒకే పొడవైన రెక్క. అందులో ముల్లు లేదు. కొవ్వు రెక్క అసలే లేదు. తల బల్లపరుపుగా, ఎముక గట్టిగా ఉన్నది. ఇది మార్పు చేప కుటుంబం. అయితే మన నాటు మార్పు కాదు, ఆఫ్రికా నుండి వచ్చిన దాని పెద్ద బంధువు, క్లారియస్ గారిపైనస్. పసితనంలో ఈ రెండింటినీ వేరుచేయడం తెలిసినవారికి కూడా కష్టమే, తల వెనుక ఎముక ఆకారం పరీక్షించాలి. కాని మా తొట్టిలోనిది రెండున్నర నెలలలో రెండంగుళాల నుండి అరచేతి పొడవు దాటింది. దాని తల వెనుక భాగాన్ని వేలితో తడిమి చూసి, ఒంటి మీది మచ్చలు చూసి, అతడు ఖాయం చేశాడు. కోళ్ళ వ్యర్థాలతో పెంచుతున్న క్యాట్‌ఫిష్ చెరువులను అధికారులు ధ్వంసం చేశారని తెలుగు పత్రికల్లో తరచూ వచ్చే వార్తల్లోని చేప ఇదే. మీటరు దాటి పెరుగుతుంది. ఎదురుపడిన చేపనల్లా మింగుతుంది. నీరు చెడినా గాలి పీల్చి బ్రతుకుతుంది, తడి నేల మీద ప్రాకి మరో గుంటకు పోతుంది. 2000 సంవత్సరంలోనే మన ప్రభుత్వం దీని పెంపకాన్ని నిషేధించింది. 2019లో జాతీయ హరిత ట్రిబ్యునల్ కూడా గట్టిగా ఆదేశించింది. అయినా ఎవరో ఎక్కడో పెంచుతారు, వరదకు గట్టు తెగుతుంది, పిల్లలు కాలువలోకి వస్తాయి.

హదీసు శాస్త్రం చదివిన వారికి ఇందులో సిగ్గుపడవలసిన విషయం ఒకటి ఉన్నది. ఉల్లేఖకుల పేర్లలో ఒకే పేరు, ఒకే తండ్రి పేరు కలిగి, వ్యక్తులు మాత్రం వేరైన సందర్భాలు ఎన్నో ఉంటాయి. దీనిని ముత్తఫిఖ్, ముఫ్తరిఖ్ అంటారు. ఖతీబ్ బగ్దాదీ తొమ్మిది వందల ఏళ్ళ కిందటే ప్రత్యేకంగా దీని మీద గ్రంథం రచించారు. విశ్వసనీయుడైన ఒకణ్ణి, బలహీనుడైన మరొకణ్ణి పేరు చూసి ఒకటిగా భావిస్తే తీర్పు తలక్రిందులవుతుంది. మేము ముప్పై ఏళ్ళుగా ఈ పాఠం చెబుతున్నాము. మీసం చూసి నాలుగు చేపలకు ఒకే పేరు పెట్టి, నిర్దోషిని బకెట్‌లో వేసి చంపినది కూడా మేమే. పైగా, ఆ గుంటను ప్రత్యక్షంగా చూసిన సాక్షి, ముల్లు గుచ్చుకొని నేర్చుకున్నవాడు, మా ఎదురుగా నిలబడి సాక్ష్యం చెప్పాడు. వయస్సు పదకొండు అని త్రోసిపుచ్చాము.

విశాఖపట్నంలో కుంఫిణీ ప్రకృతి శాస్త్రజ్ఞుడుగా పనిచేసిన రస్సెల్ అనే స్కాట్లాండ్ దేశస్థుడు 1803లో కోరమాండల్ తీరపు రెండు వందల చేపల మీద గ్రంథం ప్రచురించినప్పుడు జాలరులు చెప్పిన స్థానిక నామాలను కూడా చేర్చాడు. అంతకు పూర్వం ఆయన షామ్ దేశంలోని హలబ్ నగరంలో ఏళ్ళ తరబడి వైద్యం చేసినవాడు. అంతటి వాడు వలవేసే వారిని అడిగి రాసుకున్నాడు. మాకు అడగకుండానే చెబితే వినలేదు.

శ్రావణం వచ్చింది. కణేకల్లు చెరువుకు కాలువ నీరు చేరిందని ఆ బాలుని తండ్రి ఫోను చేశాడు. వాడు ఆ సాయంత్రమే డబ్బా కడిగి ఎండబెట్టాడు.

మేము మా బంధువుకు ఫోను చేసి అడిగాము. జవాబు మేము ఊహించిన దానికంటే కఠినంగా ఉన్నది. ఆఫ్రికా మార్పును చెరువులో వదలడం చెరువులోని జెల్లలనూ, గండి పరకలనూ, చేపలు పట్టి బ్రతికేవారినీ కొట్టడమే. కనుక అది వదలరాదు. అది అక్కడి నుండే వచ్చినది కదా అంటే, వచ్చినవాటిని లెక్కించలేము, పంపేదానిని ఆపగలము అన్నాడు. మిగిలిన ఒక్క జెల్ల సంగతి అడిగాము. అది కూడా వద్దన్నాడు. దుకాణం నుండి వచ్చిన గప్పీలతో ఒకే నీటిలో మూడు నెలలు ఉన్నది. ఆ చేపల వెంట ఏ రోగం, ఏ పురుగు వచ్చి దానికి అంటిందో కంటికి తెలియదు. అది చెరువంతటికీ పాకవచ్చు. ఒకసారి దుకాణపు నీరు తగిలిన చేప మరి చెరువుకు పోరాదు. అంటే మేము ఇచ్చిన మాటలో ఒక్క ముక్క కూడా నిలబెట్టే దారి లేదు.

మాట తప్పడం కపటత్వ లక్షణాలలో ఒకటని చిన్నపిల్లలకు చెప్పే నోటితో ఏమని చెప్పాలో రెండు రోజులు తోచలేదు. మూడవ రోజు తరగతిలో నిలబడి, ముందుగా చేపల జాతి విషయంలో వాడు చెప్పినదే నిజమనీ, మేము పొరబడ్డామనీ చెప్పాము. జెల్ల మా ఆజ్ఞ వల్లే చనిపోయిందని చెప్పాము. తరువాత, ఎవరికి హాని జరుగుతుందో తెలియక ఇచ్చిన మాటను ఇప్పుడు ఎందుకు నిలుపుకోలేమో వివరించాము. ఒక పెద్ద విద్యార్థి, ప్రమాణం చేసి అంతకంటే మేలైనది కనిపిస్తే మార్చుకోవచ్చు కదా, దానికి పరిహారం ఉన్నది కదా అని మాకు సహాయం చేయబోయాడు. అది ప్రమాణానికి. మేము చేసినది వాగ్దానం. పరిహారం చెల్లించి బయటపడే వీలు ఎదుటివాడి మనసు దగ్గర లేదు. ఆ బాలుడు తల వంచుకొని విన్నాడు. "మరి దాన్ని ఏం చేస్తారు?" అని నల్లదాని గురించి మాత్రం అడిగాడు.

దానిని మేమే చంపాము. వంటమనిషికి అప్పగించలేదు. చేపకు జబహ్ అవసరం లేదు. మన హనఫీ మార్గంలో పొలుసులు లేని చేప కూడా చేపే, ధర్మసమ్మతమే. అయినా గట్టు మీద పడవేసి గిలగిలలాడనివ్వడం మంచిది కాదని, తల వెనుక ఒక్క దెబ్బతో ముగించాము. చేయి వణికింది. మాంసం వంటమనిషి ఇంటికి పంపించాము. మేము తినలేదు, ఆ బాలుడూ తినలేదు. ఎవరినీ అడగలేదు.

మిగిలిన జెల్లను ఇక జీవితాంతం పోషించవలసినదే అని నిర్ణయమైంది. అప్పటి నుండి నేర్చుకున్నది చెబుతాము. ఎవరైనా పెంచదలచుకుంటే మేము చేసిన నష్టం చేయకుండా ఉంటారని ఆశ.

ఈ చేప గుంపులో ధైర్యంగా ఉంటుంది, ఒంటరిదైతే రోజంతా సందులోనే దాగుతుంది. అందుకని కణేకల్లు జాలరుల బుట్టలో నుండి, ఒక్కొక్కదాని వీపు పరీక్షించి, ఆ బాలుడు మరో మూడింటిని తెచ్చాడు. అడుగున హగరి ఇసుకను ఏడెనిమిది సార్లు కడిగి వేశాము. మొనదేలిన కంకర వేస్తే అడుగున వెదికే మీసాలు అరిగి పుండ్లు పడతాయి. దాగడానికి పగిలిన కుండపెంకులు, పీవీసీ పైపు ముక్కలు చాలు. ఒక్కొక్క చేపకు ఒక్కొక్క గూడు ఉంటే కలహం తక్కువ. తొట్టి మీద మూత తప్పనిసరి, అది మేము నేలను చూసి నేర్చుకున్నాము.

కొత్త తొట్టిలో మొదటి నెల, నెలన్నర గండం. చేపల విసర్జన నుండి పుట్టే అమ్మోనియా విషం. దానిని హానిలేనిదిగా మార్చే కంటికి కనబడని జీవులు ఇసుకలో, ఫిల్టరు స్పాంజిలో స్థిరపడడానికి అంత కాలం పడుతుంది. అంతవరకు తిండి చిటికెడే వేయాలి, రెండు రోజులకు ఒకసారి కొంత నీరు మార్చాలి. తరువాత వారానికి పావు వంతు చాలు. స్పాంజిని కుళాయి కింద రుద్ది కడిగితే ఆ జీవులన్నీ పోతాయి. తొట్టి నుండి తీసిన నీటిలోనే పిండాలి. తీసిన నీటిని పారబోయము, నిమ్మచెట్టుకు పోస్తాము. దుబారా అన్న మా పాత అభ్యంతరం ఆ చెట్టు దగ్గర తీరింది.

మా ప్రాంతానికి ప్రత్యేకమైన కష్టం ఒకటి. బోరు నీరు కఠిన జలం, టీ కాచే గిన్నెకు తెల్లని పొర కట్టే నీరు. జెల్ల దానిని ఓర్చుకుంటుంది. కాని వేసవిలో తొట్టి నీరు వేగంగా ఆవిరవుతుంది. ఆవిరయ్యేది నీరే గాని ఉప్పులు కావు. తగ్గినంత బోరు నీటినే పోస్తూ పోతే నెల నెలకూ ఉప్పులు పేరుకొని చేప నీరసిస్తుంది. పడిన నాలుగు వానల్లో మిద్దె నీటిని మొదటి జల్లు వదిలి శుభ్రంగా పట్టి దాచుకొని, ఆవిరైన మేరకు దానితో నింపుతున్నాము. ఎండ 40 డిగ్రీలు దాటిన రోజుల్లో గాజు చుట్టూ తడిగుడ్డ కట్టి, గాలి మోటారు ఆపకుండా ఉంచుతాము. కరెంటు పోతే ఒక విద్యార్థి లోటాతో నీరు ఎత్తి పోస్తాడు. ఆ వంతుకు పిల్లలు పోటీ పడతారు, హోంవర్కు తప్పుతుంది కనుక.

తిండి రాత్రి దీపాలు ఆర్పే ముందు వేయాలి. అడుగుకు మునిగే గుళికలు, వారానికి రెండుసార్లు తరిగిన వానపాము, అప్పుడప్పుడు ఉడికించిన బఠాణీ. గప్పీ వంటి చిన్న చేపను దీనితో ఉంచకూడదు. నోటికి పట్టే దానిని జెల్ల కూడా మింగుతుంది. ఆ రోజు అది నిర్దోషి అంత మాత్రమే. పొలుసులు లేని ఒంటికి మందులు, ఉప్పు త్వరగా సోకుతాయి కాబట్టి సీసా మీద రాసిన మోతాదులో సగంతో మొదలుపెట్టాలి. వలతో పట్టరాదు, రంపపు ముల్లు దారాల్లో చిక్కి విరుగుతుంది, లోటాతో ముంచాలి. ముల్లు గుచ్చుకుంటే చురుక్కుమని చేయంతా లాగుతుంది. ఓర్చుకోగలిగినంత వేడినీటిలో చేయి పెడితే నొప్పి దిగుతుంది. వాపు పెరిగితే వైద్యుని చూడాలి.

దుకాణంలో కొనేవారికి ఒక మాట. తొట్టి శుభ్రం చేస్తుందని అమ్మే, గాజుకు నోరు అతికించుకొనే నల్లని సక్కర్ చేప అడుగు దాకా పెరుగుతుంది. దానిని చెరువుల్లో వదిలినందుకే ఆంధ్రా నదుల్లో అది ఇప్పుడు జాలరుల వలలు చించుతూ దెయ్యం చేప అనిపించుకుంటున్నది. వెండిరంగు షార్క్ అని అమ్మేది షార్క్ కాదు, చెరువుల్లో టన్నులకొద్దీ పెంచే పంగాసియస్ పిల్ల. మీటరు పెరిగే దానికి మన ఇంట్లో చోటు లేదు. పెద్దదైతే చూద్దామని కొనవద్దు. చూసే రోజు వస్తుంది, మాకు వచ్చినట్లే.

ఒక సంగతి మిగిలింది. జెల్లను చేతిలోకి తీసుకుంటే చెంప ముల్లు కీలును ఒరిపిడి పెట్టి కిర్రుమని సన్నని శబ్దం చేస్తుంది. కొత్త జెల్లలను తొట్టిలో వదిలిన రాత్రి ఆ బాలుడు దానిని విని, "హజ్రత్, ఇది తస్బీహ్ చదువుతున్నదా, ఏడుస్తున్నదా?" అని అడిగాడు. సమస్త సృష్టీ తన తీరున స్తుతిస్తుంది, ఆ స్తుతి మనకు అర్థం కాదు అని దివ్య ఖుర్ఆన్ చెప్పిన విషయం జవాబుగా చెప్పవచ్చు. చెప్పబోయి ఆగాము. పట్టుకున్నందుకు భయపడుతున్నదేమో, నీళ్ళలో వదులు అన్నాము. వదిలాడు. శబ్దం ఆగింది.

ఆ బాలుడు నిరుడు హిఫ్జ్ పూర్తిచేసి పై చదువుకు కర్నూలు వైపు మదరసాకు వెళ్ళాడు. పాత జెల్ల ఇంకా ఉన్నది, చారలు కొంచెం వెలిసాయి. ఈ షవ్వాల్‌లో మదరసా తెరచిన రెండవ రోజు, బొమ్మనహాళ్ వైపు నుండి కొత్తగా చేరిన ఒక చిన్నవాడు మూత బిగించిన మజ్జిగ డబ్బా పట్టుకొని మా గది ముందు నిలబడ్డాడు. అన్నయ్య ఎవరో చెప్పాడట, ఇక్కడ చేపలు తీసుకుంటారని. లోపల ఏముందని మేము అడగలేదు. లోటా తెప్పించి, దానిని నీటితో పాటు ముంచి తీసి, వాడి చేతికే ఇచ్చి, ఇది ఏమిటో, నీకు ఎలా తెలుసో చెప్పమన్నాము.